5 పౌండ్లు లేక పేటెంట్ పోయింది.. జెట్ ఇంజిన్ కనిపెట్టిన ఫ్రాంక్ విటిల్ కథ ఇదీ!

విమానం రెక్క కింద వేలాడే పెద్ద ఇంజిన్‌ను చూసే ఉంటారు. దాని ముందు భాగంలో ఓ భారీ ఫ్యాన్ తిరుగుతుంటుంది. ఇవాళ విమానాలు తక్కువ ఇంధనంతో ఖండాలు దాటుతున్నాయంటే ఆ ఫ్యాన్ పాత్ర చాలా పెద్దది. ఈ ఐడియాకు 1936లోనే పేటెంట్ దరఖాస్తు చేసిన వ్యక్తి ఫ్రాంక్ విటిల్. బ్రిటన్ ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసిన ఓ మెకానిక్ కొడుకు. కానీ ఆయన చెప్పింది వినడానికి సొంత దేశమే చాలా టైమ్ తీసుకుంది.

పొట్టిగా ఉన్నాడని వెనక్కి పంపారు

విటిల్ 1907 జూన్ 1న ఇంగ్లాండ్‌లోని కోవెంట్రీలో పుట్టారు. తండ్రికి చిన్న వర్క్‌షాప్ ఉండేది. మెషీన్ల పని అక్కడే నేర్చుకున్నారు. 1923లో ఎయిర్‌ఫోర్స్ అప్రెంటిస్‌గా చేరడానికి వెళ్తే మెడికల్ టెస్టులో ఫెయిల్ చేశారు. కారణం.. ఎత్తు 5 అడుగులే. విటిల్ మాత్రం వదల్లేదు. కసరత్తులు చేసి ఎత్తు పెరిగి, మళ్లీ అప్లై చేసి అదే ఏడాది చేరిపోయారు. తర్వాత పైలట్ కూడా అయ్యారు.

21 ఏళ్లకే పెద్ద ఆలోచన

1928లో క్రాన్‌వెల్ కాలేజీలో ఆయన ఓ థీసిస్ రాశారు. పైకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది. విమానాన్ని వెనక్కి లాగే శక్తి తగ్గుతుంది. అంటే అంతే ఇంధనంతో ఎక్కువ దూరం, ఎక్కువ వేగంతో వెళ్లొచ్చు. కానీ అంత ఎత్తులో అప్పటి పిస్టన్ ఇంజిన్లకు, ప్రొపెల్లర్లకు సత్తువ చాలదు. మరి దారేంటి? గాలిని లోపలికి లాగి, నొక్కి, ఇంధనంతో మండించి, వేడి వాయువులను వెనక్కి వేగంగా చిమ్మే టర్బైన్ ఇంజిన్. ఏడాది తర్వాత ఆయనకు తట్టిన సమాధానం అదే.

ఎయిర్ మినిస్ట్రీ నిపుణులు ఇది పనికిరాదని తేల్చేశారు. విటిల్ 1930 జనవరిలో సొంతంగా పేటెంట్ దరఖాస్తు చేశారు. దాన్ని రహస్యంగా ఉంచాలని కూడా ప్రభుత్వం అనుకోలేదు. 1935లో పేటెంట్ రెన్యువల్‌కు 5 పౌండ్లు కట్టాల్సి వచ్చింది. ఇంట్లో ఖర్చులకే కటకట. ప్రభుత్వం కూడా కట్టనంది. దాంతో పేటెంట్ చేజారింది.

ఆపినా ఆగని ఇంజిన్

1936లో ఇద్దరు మాజీ ఎయిర్‌ఫోర్స్ మిత్రులతో కలిసి పవర్ జెట్స్ అనే చిన్న కంపెనీ పెట్టారు. 1937 ఏప్రిల్ 12న రగ్బీ పట్టణంలో మొదటి ఇంజిన్ స్టార్ట్ చేశారు. ఆ తొలి పరీక్షల్లో ఇంధనం కట్ చేసినా ఇంజిన్ ఆగలేదు సరికదా.. ఇంకా స్పీడ్ పెంచుకుంది! చుట్టూ ఉన్నవాళ్లు పరుగో పరుగు. తీరా చూస్తే లోపల పోగైన ఇంధనమే మండుతూ ఉంది.

ఈలోపు జర్మనీలో హాన్స్ వాన్ ఒహైన్ కూడా ఇదే దారిలో పనిచేశారు. ఆయన ఇంజిన్‌తో హైంకెల్ 178 విమానం 1939 ఆగస్టు 27న ఎగిరింది. విటిల్ ఇంజిన్‌తో గ్లోస్టర్ విమానం గాల్లోకి లేచింది 1941 మే 15న. అప్పటికే పని ఒత్తిడి ఆయన ఆరోగ్యాన్ని పూర్తిగా దెబ్బతీసింది.

మొదటి జెట్‌లోని లోపం ఆయనకే తెలుసు

జెట్ ఇంజిన్ వేగంగా వెళ్తుంది కానీ ఇంధనం తెగ తాగుతుంది. కొంచెం గాలిని విపరీతమైన వేగంతో చిమ్మితే శక్తిలో చాలా భాగం వృథా పోతుంది. అదే ఎక్కువ గాలిని కాస్త తక్కువ వేగంతో నెడితే ఇంధనం ఆదా. అందుకే కొంత గాలిని మంట దగ్గరికి పోనివ్వకుండా పక్క నుంచి పంపే పద్ధతికి 1936లోనే పేటెంట్ దరఖాస్తు చేశారు. దీన్నే ఇప్పుడు బైపాస్ అంటున్నారు.

యుద్ధకాలంలో ఇలాంటి ఫ్యాన్ ఇంజిన్ డిజైన్లు కూడా మొదలుపెట్టారు. కానీ 1944లో ప్రభుత్వం పవర్ జెట్స్‌ను తన చేతిలోకి తీసుకుంది. ఆ డిజైన్లు మూలనపడ్డాయి. విటిల్ 1946లో రాజీనామా చేశారు. 1948లో సర్ బిరుదు, లక్ష పౌండ్ల అవార్డు ఇచ్చారు. అయితే బైపాస్ ఇంజిన్‌తో ప్రయాణికుల విమానాలు తిరగడానికి 1960 దాకా ఆగాల్సి వచ్చింది. అది రోల్స్ రాయిస్ కాన్వే ఇంజిన్.

మన శంషాబాద్‌తో లింక్

ఇప్పుడు మన దేశంలో తిరిగే చాలా ఎయిర్‌బస్ ఏ320 నియో, బోయింగ్ 737 మ్యాక్స్ విమానాల్లో ఉండేది లీప్ ఇంజిన్. ఏ320 నియో రకంలో లోపల మండే దారిలోకి 1 వంతు గాలి వెళ్తే, పక్క నుంచి దాదాపు 11 వంతులు వెళ్తుంది. పాత తరం ఇంజిన్ కంటే 15 శాతం ఇంధనం ఆదా అని తయారీ సంస్థ చెబుతోంది. ఈ లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం 2025 నవంబర్‌లో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గరే ప్రారంభమైంది.

విటిల్ 1976లో అమెరికా వెళ్లిపోయారు. 1991లో ఇంజినీరింగ్‌లో పెద్దదైన డ్రేపర్ ప్రైజ్‌ను ఒహైన్‌తో కలిసి అందుకున్నారు. 1996 ఆగస్టులో మేరీల్యాండ్‌లో కన్నుమూశారు. అస్థికలను మాత్రం ఇంగ్లాండ్ తీసుకెళ్లి, ఆయన ఇంజిన్ మొదటిసారి ఎగిరిన క్రాన్‌వెల్‌లోనే ఉంచారు.