క్రొవ్వొత్తి యుపాధ్యాయుడు: మైకేలు ఫారడే

మైకేలు ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను సమీపమున నొక బీద కమ్మరి యింట జన్మించెను. బడిచదువు చదువను, వ్రాయను, లెక్కలు వేయను నేర్చుటతోనే ముగిసెను. పదునాలుగవ యేట నొక పుస్తకముల బైండరు నొద్ద ఏడేండ్ల కొడంబడిక మీద పనికి కుదిరి, బైండునకు వచ్చిన గ్రంథములనే చదువుకొనెను. వానిలో జేను మార్సెటు దొరసాని వ్రాసిన రసాయనశాస్త్ర సంభాషణము లొకటి. అచ్చులో నున్నది గదా యని అతడు దానిని నమ్మి యూరకుండలేదు. తన కొద్దిపాటి డబ్బుతో సాధ్యమైన ప్రయోగములు చేసి చూచి, గ్రంథము సరిగానే చెప్పుచున్నదని తెలిసిన పిమ్మటనే విశ్వసించెను. అతని తరువాతి జీవితమంతయు ఈ యలవాటునుండి పుట్టినదే యని నా తలంపు.

1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషనున సర్ హంఫ్రీ డేవీ చేసిన నాలుగుపన్యాసములు విని, తాను వ్రాసికొనిన దానిని స్వయముగా బైండుచేసి డేవీకి పంపెను. మరుసటి సంవత్సరమే అచట సహాయకుడుగా చేరెను. 1831లో అయస్కాంతముచే తీగచుట్టయందు విద్యుత్తును పుట్టించిన సంగతి పాఠ్యపుస్తకములలో నున్నది గనుక విస్తరింపను.

1827 మొదలుకొని 1860 వరకు పందొమ్మిది పర్యాయములు క్రిస్మసు దినములలో అతడు బాలబాలికలకు ఉపన్యసించెను. వానిలో కడపటిది క్రొవ్వొత్తిని గూర్చినది. ఆర్పిన వత్తినుండి లేచు తెల్లని పొగకు, రెండు మూడంగుళముల దూరమున నిప్పు చూపగా, మంట పొగవెంట పరుగిడి వత్తిని మరల వెలిగించెను. మండునది మైనపు టావిరియా? ఒక్క పరీక్షతో అతడు తృప్తినొందలేదు. వంపు గాజుగొట్టము కొననొకదానిని మంట నడిమి చీకటి భాగమున నుంచి, ఆవిరిని రెండవ కొనకు రప్పించి యచట మండించెను. పిదప చల్లని పాత్రను మంటపై పట్టగా నీటి చెమ్మ కనబడెను. మండుటవలన పుట్టిన గాలిచే సున్నపు తేటనీరు పాలవలె తెల్లనయ్యెను. మన యూపిరియు నట్లే చేయును. (మన తరగతిలో గాజుగొట్టము లేకున్న బొప్పాయి యాకుకాడ చాలును. ఊదవలెనే గాని పీల్చరాదు.)

1853లో ఇంగ్లండున వింత యొకటి ప్రబలెను. పలువురు బల్లచుట్టు కూర్చుండి చేతులుంచగా బల్ల తిరుగును. ఆత్మలు త్రిప్పుచున్నవని కొందరు, విద్యుత్తని కొందరు చెప్పుకొనిరి. ఫారడే కూర్చున్నవారిని మోసగాండ్రని నిందింపలేదు. అట్టముక్కలను మెత్తని జిగురుతో ఒకదానిపై నొకటి యంటించి, బల్లకును చేతులకును నడుమ నుంచెను. బల్ల తానై కదలినచో క్రింది యట్ట ముందు జరుగవలెను. చేతులు త్రోసినచో పైది. పైదియే ముందు జరిగెను! తమ చేతుల కదలికను తెలుపు సూచికను వారి కంటికెదుట నుంచినంతనే బల్ల తిరుగుట మానెను. సత్యవంతులే తమ చేతులచేత మోసపోయిరి. మనము కోరుకొను ఫలితమునే మరింత కఠినముగా శోధింపవలెనని మరుసటి సంవత్సరము అతడు బహిరంగముగా నుపన్యసించెను.

ఇట్టి శోధకుడు సాండిమేనియను అను చిన్న క్రైస్తవ సంఘమున పెద్దగా నుండి ప్రసంగములు చేసెను. సర్ బిరుదును నిరాకరించెను. 1867 ఆగస్టు 25వ తేదీన హాంప్టను కోర్టున మరణించెను. హైగేటు శ్మశానమున అతని సమాధి నిరాడంబరముగా నున్నది.