హైకె కామర్లింగ్ ఓన్స్

హైకె కామర్లింగ్ ఓన్స్ (సెప్టెంబరు 21, 1853 - ఫిబ్రవరి 21, 1926) నెదర్లాండ్స్ దేశానికి చెందిన సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. హీలియం వాయువును తొలిసారిగా ద్రవీకరించినవాడు, అతివాహకత్వాన్ని కనుగొన్నవాడు. 1913లో నోబెల్ బహుమతి పొందాడు. చిన్న సీసపు తీగచుట్టలో బ్యాటరీ లేకుండానే విద్యుత్ ప్రవాహం నిలిచి ఉంటుందని 1914లో నిరూపించాడు.

జీవితం

ఓన్స్ గ్రోనింగెన్ నగరంలో పెంకుల కర్మాగారం నడిపే కుటుంబంలో జన్మించాడు. హైడల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్‌ల వద్ద చదివాడు. 1879లో గ్రోనింగెన్‌లో డాక్టరేటు పొంది, 1882లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. లైడెన్‌లో 1807లో తుపాకిమందు ఓడ పేలి ఊరు అతలాకుతలమైంది. ఆ భయం మరువని పురపాలకులు, అధిక పీడనంలో వాయువులను నిలువచేసే ఇతని ప్రయోగశాలకు అభ్యంతరం చెప్పటంతో 1895 నుండి 1898 వరకు ద్రవీకరణ పనులు నిలిచిపోయాయి.

1908 జూలై 10న సుమారు 60 ఘనపు సెంటీమీటర్ల ద్రవ హీలియం లభించింది. 1911 ఏప్రిల్ 8న, దాదాపు 4.2 కెల్విన్ వద్ద పాదరసపు విద్యున్నిరోధం హఠాత్తుగా మాయమవటం బయటపడింది. ఆ కొలతలలో పాల్గొన్న గిల్లెస్ హోల్‌స్ట్ పేరు నివేదికలో రచయితగా లేదు. ఇది హోల్‌స్ట్‌కు జరిగిన అన్యాయమనే చెప్పాలి.

తీగచుట్ట ప్రయోగం

అయస్కాంత పదార్థపు ప్రతి అణువు చుట్టూ ఆగని విద్యుత్ ప్రవాహం ఉంటుందని 1820లలో ఆంపియర్ ఊహించాడు. మామూలు తీగలో అది అసాధ్యం. నిరోధం వలన క్షణంలోనే ప్రవాహం వేడిగా మారి అణగిపోతుంది. ఓన్స్ సీసపు తీగచుట్ట కొసలను కలిపివేసి, అయస్కాంత క్షేత్రంలో ఉంచి, ద్రవ హీలియంతో చల్లబరిచాడు. తరువాత అయస్కాంతాన్ని తొలగించాడు. అప్పుడు చుట్టలో ప్రేరితమైన ప్రవాహం ఆగలేదు. పాత్ర వెలుపల ఉంచిన దిక్సూచి ముల్లు చుట్ట వైపు మళ్ళియే ఉంది. గంటకు తగ్గుదల 1 శాతం కూడా లేదు. చుట్టను హీలియం నుండి పైకి తీయగానే ప్రవాహం అంతరించింది.

ఇటువంటి చుట్టలతో 1,00,000 గాస్‌ల అయస్కాంతం నిర్మించాలన్న ఇతని ఆశ మాత్రం ఫలించలేదు. కొన్ని వందల గాస్‌ల క్షేత్రానికే సీసం అతివాహకత్వాన్ని కోల్పోయింది. 1960లలో నయోబియం మిశ్రలోహాల తీగలు వచ్చాకనే అది సాధ్యపడింది. ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రాలలో అధికభాగం ఇటువంటి నిలుకడ ప్రవాహంతోనే పనిచేస్తాయి.

మరణం

ఓన్స్ 1926లో లైడెన్‌లో మరణించాడు. 1932లో ఇతని సహాయకుడు ఫ్లిమ్, 200 ఆంపియర్ల ప్రవాహం తిరుగుతున్న సీసపు వలయాన్ని ద్రవ హీలియంలో ఉంచి విమానంలో లండన్‌కు తీసుకుని వెళ్ళాడు.