డాక్టర్ సోలమన్ బెర్సన్

థైరాయిడ్ పరీక్షకు ఇచ్చిన రక్తం నేడు అనేక ప్రయోగశాలలలో ఒక చీకటి అరలోనికి చేరుతుంది. అక్కడ రసాయన ద్రవ్యాల కలయికవల్ల పుట్టిన మందమైన వెలుగును యంత్రం కొలిచి, రక్తంలో హార్మోను ఎంత ఉన్నదో తెలియజేస్తుంది. ఈ పద్ధతికి మూలమైన ఆలోచనను లోకానికిచ్చినవారు ఇద్దరు. వారిలో రోజలిన్ యాలో 1977లో నోబెల్ బహుమతి పొందారు. రెండవవారు డాక్టర్ సోలమన్ బెర్సన్.

బెర్సన్ 1918 ఏప్రిల్ 22న న్యూయార్కు నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి రష్యా నుండి వలస వచ్చినవారు. 1938లో సిటీ కాలేజీ పట్టభద్రులైన బెర్సన్‌కు ఏ వైద్య కళాశాలలోనూ ప్రవేశం లభించలేదు. ఆయన దరఖాస్తులన్నీ తిరస్కరింపబడ్డాయి. అయినను నిరాశ చెందక, శరీర నిర్మాణశాస్త్రం బోధిస్తూ కాలం గడిపి, కడకు న్యూయార్కు విశ్వవిద్యాలయంలో చేరి 1945లో వైద్యపట్టం అందుకున్నారు. వయొలిన్ వాదనమన్నా చదరంగమన్నా ఆయనకు మిక్కిలి ప్రీతి.

1950లో బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో భౌతిక శాస్త్రవేత్త యాలోతో ఆయన సహచర్యం ఆరంభమైంది. రేడియో ధార్మిక అయోడిన్ జోడించిన ఇన్సులిన్‌ను వారు రోగుల రక్తంలోనికి ఎక్కించి చూచారు. మునుపు ఇన్సులిన్ వాడినవారి రక్తంలో అది త్వరగా తొలగిపోక నిలిచియుండెను. శరీరం దానికి ప్రతిరక్షకాలను తయారు చేసికొన్నదని వారు గ్రహించారు. ఇన్సులిన్ వంటి చిన్న అణువుకు ప్రతిరక్షకాలు పుట్టవని ఆనాటి పండితుల విశ్వాసం. పత్రికలు వ్యాసాన్ని త్రిప్పి పంపాయి. శీర్షికలో ప్రతిరక్షకం అన్న మాట విడిచిన పిదపనే అది 1956లో అచ్చయింది. మాట విడిచారు గాని, సత్యాన్ని విడువలేదు.

ఆ ప్రతిరక్షకాన్నే వారు తూనికరాయిగా మలచుకున్నారు. కొద్దిపాటి ప్రతిరక్షకంలో అయోడిన్ గుర్తుగల ఇన్సులిన్‌ను, రోగి రక్తాన్ని కలుపుతారు. ఉన్న చోటు స్వల్పం గనుక రెండు ఇన్సులిన్లు పోటీపడతాయి. రోగి రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైనకొద్దీ గుర్తుగలది వెలికి నెట్టబడుతుంది. ఎంత నెట్టబడినదో లెక్కిస్తే చాలు! 1959, 1960లలో ఈ రేడియో ఇమ్యునో అస్సే పద్ధతి ప్రకటితమైంది. పెద్దవయస్సులో మధుమేహం వచ్చిన పలువురి రక్తంలో ఇన్సులిన్ లోపించలేదని దీనివల్ల తేలింది. వారు దీనికి పేటెంటు తీసికొనలేదు. అది మామూలు సంగతి కాదని నా అభిప్రాయం.

అయితే రేడియో అయోడిన్‌తో ఒక చిక్కు ఉన్నది. అయోడిన్-131 ఎనిమిది రోజులలో సగమై పోతుంది, పైగా దాని వికిరణం వల్ల ప్రమాదం. అందుచేత 1971 నుండి గుర్తుగా ఎంజైములను వాడసాగారు. ఒక్క ఎంజైము అణువు వేలకొలది అణువులను మార్చగలదు గనుక స్వల్ప సంకేతం కూడా పెద్దదవుతుంది. ముల్లంగి జాతికి చెందిన హార్స్‌రాడిష్ వేరునుండి తీసిన పెరాక్సిడేజ్ అనే ఎంజైము, హైడ్రోజన్ పెరాక్సైడు సమక్షంలో ల్యూమినాల్‌ను ఆక్సీకరింపజేస్తే నీలికాంతి వెలువడుతుంది. ఆ కాంతి మసకగా ఉండి త్వరగా ఆరిపోయేది. తగిన ద్రవ్యం కొద్దిగా చేరిస్తే ఎన్నోరెట్లు ప్రకాశించి ఎక్కువసేపు నిలుస్తుందని 1983లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైముకు డయాక్సెటేన్ అనే ద్రవ్యాలు ఆ తరువాత వచ్చాయి. ఎంజైము వాటి ఫాస్ఫేటును తొలగించగానే అణువు తనంత తానే విచ్ఛిన్నమై వెలుగునిస్తుంది. గుర్తు మారింది గాని, ప్రతిరక్షకంతో కొలవడమన్న మూలసూత్రం మారలేదు.

ఈ వెలుగులను బెర్సన్ చూడలేదు. 1968లో మౌంట్ సైనై వైద్య కళాశాలలో ఆచార్యపదవి స్వీకరించిన ఆయన, 1972 ఏప్రిల్ 11న అట్లాంటిక్ సిటీలో శాస్త్రసభకు వెళ్ళి అక్కడే గుండెపోటుతో మరణించారు. వయస్సు 53 సంవత్సరాలు. మరణించినవారికి నోబెల్ బహుమతి ఈయరు గనుక 1977లో యాలో బెర్సన్ లేకుండానే స్టాక్‌హోం వేదిక నెక్కవలసి వచ్చింది. తాను ప్రచురించే ప్రతి వ్యాసంపైనా ఆయన పేరు ఉండవలెనని ఆమె అప్పటికే తమ ప్రయోగశాలకు బెర్సన్ పేరు పెట్టియుండిరి.