పక్షులను లెక్కించిన మనిషి : సలీం అలీ జీవితం

గత నవంబరులో మేము మా కళాశాల విద్యార్థులను కొందరిని వెంటబెట్టుకొని నేలపట్టు, పులికాట్ పక్షి రక్షిత ప్రాంతాలను చూడబోయాము. రాత్రి రైలులో బయలుదేరి తెల్లవారుజామున గూడూరులో దిగి, అక్కడి నుండి బస్సులో సాగిపోయాము. వాన వెలిసిన ఉదయం అది. నేలపట్టు చెరువులో నీట మునిగి నిలిచిన చెట్లపైన గూడబాతులు వందలుగా కొలువుదీరి ఉన్నవి. పాతబస్తీ ఇరుకు గల్లీలలో పుట్టి పెరిగిన మా పిల్లలు ఆ రెక్కల చప్పుడు విని కొంతసేపు మాటలు మరచిపోయారు.

మా చేతిలో సలీం అలీ గ్రంథం ఉన్నది. ముర్గీ చౌక్ పక్షుల బజారులో ఆడుకుంటూ పెరిగిన విద్యార్థి ఒకడు దాని పుటలు తిరగవేసి, ఈయన పక్షులను తుపాకితో కొట్టేవారట కదా సార్, మరి ఆయనను పక్షుల రక్షకుడని ఎట్లా అంటున్నారని అడిగాడు. పావురాల విషయంలో మాకంటె ఎక్కువ తెలిసిన పిల్లవాడు కనుక వాని ప్రశ్నను తేలికగా త్రోసివేయలేకపోయాము. ఈ వ్యాసం ఆ ప్రశ్న నుండి పుట్టినదే.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా కుటుంబంలో కడగొట్టు బిడ్డగా జన్మించారు. ఏడాది నిండగానే తండ్రి, మూడేండ్లకు తల్లి గతించారు. సంతానం లేని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఖేత్‌వాడీలోని తమ ఇంట ఆ అనాథ పిల్లలను పెంచారు. ఆ ఇంట కూరకని బజారునుండి ప్రాణాలతో తెచ్చే తీతర్లను, బటేర్లను కొన్నింటిని వంటవాని కత్తినుండి తప్పించి పెంచుకోవడం బాలుని వినోదం. పిచ్చుకలను గాలి తుపాకితో కొట్టడం కూడ వినోదమే. ఈ రెండూ ఒకే పిల్లవానిలో ఏ తగవూ లేకుండ కాపురం చేసినవి.

పదేండ్ల ప్రాయంలో ఒకనాడు కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ కనబడింది. ఊరపిచ్చుక తినదగినదే గాని ఇది హలాలా కాదా అన్న సందేహం కలిగి, బాలుడు దానిని మామ వద్దకు తీసుకొనిపోయాడు. మామకు కూడ ఆ పిట్ట జాతి తెలియలేదు. ఆయన ఒక పరిచయ పత్రం ఇచ్చి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దొర వద్దకు పంపారు. ఆ దొర పసివానిని కసరక, చేతిలోని పిట్ట పేరు చెప్పి, సొరుగులు తెరిచి కూర్చిన పక్షుల నమూనాలను చూపించాడు. వంటింటి సందేహం ఒకటి శాస్త్రానికి దారి తీసిన వైనం మాకు ఎంతో ముచ్చటగా తోచును. పెద్దవారు పిల్లవాని ప్రశ్నకు తమకు తెలియదని ఒప్పుకొని, తెలిసినవారి వద్దకు పంపడం మా వృత్తిలోనూ అరుదే.

చదువులో ఆయన రాణించలేదు. కళాశాల విడిచి 1914లో బర్మాలోని తవాయ్‌కి పోయి కుటుంబం వారి గని, కలప వ్యాపారాలు చూచుకొన్నారు. అక్కడ లెక్కల పుస్తకాలకంటె అడవిపైననే మనసు నిలిచింది. 1917లో తిరిగివచ్చి కొంతకాలం వాణిజ్యశాస్త్రం, కొంతకాలం సెయింట్ జేవియర్స్ కళాశాలలో జంతుశాస్త్రం చదివారు. 1918లో తెహ్మీనా బేగంతో వివాహమైంది. పట్టా లేనందున భారత జంతుశాస్త్ర పరిశోధన శాఖలో ఉద్యోగం దొరకలేదు. 1926లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే ఉపన్యాసకుని కొలువు లభించింది. రెండేండ్ల తరువాత సెలవు పెట్టి బెర్లిన్ పోయి ప్రొఫెసర్ స్ట్రెసెమాన్ వద్ద శిక్షణ పొందారు. ఆ జర్మను పండితుని ఆయన జీవితాంతం గురువుగా తలచారు. అయితే 1930లో స్వదేశం చేరేసరికి నిధుల కొరతచే ఆ ఉద్యోగమే రద్దయిపోయింది.

ముప్పది నాలుగేండ్ల వయసు. పట్టా లేదు, జీతం లేదు. దంపతులు బొంబాయి విడిచి సముద్రతీరాన కిహీం గ్రామంలోని ఇంటికి చేరారు. ఇంటి సమీపంలోని చెట్టున గిజిగాళ్ళు గూళ్ళు అల్లుతున్నవి. ఆయన నిచ్చెన వేసుకొని నెలల తరబడి వాటిని గమనించారు. మగపిట్ట గూడు సగం అల్లి ఆగును. ఆడపిట్ట వచ్చి పరీక్షించి నచ్చినచో స్వీకరించును. అప్పుడు మగపిట్ట గూటిని పూర్తిచేసి, ఆమె గుడ్లు పొదుగుచుండగా మరొక గూడు మొదలుపెట్టి మరొక జంటను వెదకును. గిజిగాని గూటిని ఎరుగని తెలుగు పల్లె లేదు. ఆ గూటి వెనుక నడిచే సంసారాన్ని ఓపికతో చదివి లోకానికి తెలిపినవారు ఆయన. తుపాకి ప్రసక్తి లేని పని అది. కేవలం చూపు, కాగితం, కలం.

ఇక మన హైదరాబాదుతో ఆయనకు గల సంబంధం చెప్పవలెను. ఖర్చులు మాత్రం భరించినచో జీతం లేకుండ పక్షుల పరిశీలన చేసి ఇస్తానని ఆయన సంస్థానాలకు ప్రతిపాదించారు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం అందుకు సమ్మతించింది. ఆ విధంగా 1931లో హైదరాబాదు సంస్థాన పక్షి పరిశీలన ప్రారంభమైంది. ఆయన స్వతంత్రంగా నడిపిన సంస్థాన పరిశీలనలలో ఇది తొలినాటిది; తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియరు, ఇందూరు, భోపాలు తరువాత వచ్చినవి. అమ్రాబాదు పీఠభూమిలోని మన్ననూరు, ఫరహాబాదు వంటి చోట్ల గుడారాలు వేసుకొని తిరిగారు. విదేశంలో చదివి, నగర సుఖాలకు అలవాటుపడిన తెహ్మీనా ఈ పరిశీలనలలో భర్త వెంట ఉండి విడిది ఏర్పాట్లన్నీ చూచుకొన్నారు. ఫలితాలు 1933–34లో సొసైటీ పత్రికలో భాగాలుగా వెలువడినవి. హ్యూ విస్లర్ అనే ఆంగ్లేయుడు నమూనాలను పరిశీలించి టిప్పణులు కూర్చాడు.

నమూనాలనగా కొట్టి, తోలు ఒలిచి, దూది నింపి, కాలికి చీటీ కట్టిన పక్షులు. మా విద్యార్థి ప్రశ్న ఇక్కడనే సూటిగా తగులుతుంది. ఆనాడు జాతి భేదాలను నిర్ణయించడానికి రెక్క కొలిచి, ఈక రంగు పోల్చి చూడడం తప్ప వేరు మార్గం తక్కువ. ఏ పిట్ట ఏ అడవిలో ఏ మాసంలో ఉండెనో ఆ చీటీల వలననే మనకు తెలుస్తున్నది. నల్లమలలో ఇప్పుడు ఏది మిగిలింది, ఏది పోయింది అని లెక్క కట్టేవారికి తొంభై ఏండ్లు దాటిన ఆ పట్టికలే ఆధారం. అయితే శాస్త్రం కొరకే సర్వమూ చేశారని చెప్పి ఆయనను కడిగి శుభ్రపరచడం మాకు ఇష్టం లేదు. యౌవనంలో ఆయనకు వేటపై మక్కువ ఉండేది. స్వీయచరిత్రలో ఆయనే దానిని దాచలేదు. దాచనివానిని మనమెందుకు దాచవలెను?

1939లో చిన్న శస్త్రచికిత్స తరువాత తెహ్మీనా హఠాత్తుగా మరణించారు. ఆయన మరల వివాహమాడలేదు. చెల్లాచెదరైన మనసును పనిలో నిలుపుకొన్నారు. 1941లో భారతీయ పక్షులపై గ్రంథం వెలువడింది. మేము నేలపట్టుకు మోసుకొనిపోయినది దాని తరువాతి ముద్రణలలో ఒకటి. 1964 మొదలు 1974 వరకు అమెరికా శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లేతో కలిసి పది సంపుటాల మహాగ్రంథాన్ని పూర్తిచేశారు. మొదటి సంపుటం నాటికి ఆయనకు అరువది యేడేండ్లు. పద్మభూషణ్ 1958లో, పద్మవిభూషణ్ 1976లో లభించినవి. పట్టా లేదని ఒకనాడు ఉద్యోగం దొరకని ఈ మనిషికి 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు సమర్పించింది. బిరుదుల పట్టిక ఇంతటితో చాలును.

భరత్‌పూర్ కథ మాత్రం విడువరాదు. అది రాజుల బాతుల వేటకు ఏర్పడిన చిత్తడి నేల. 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో విందు వేటలో ఒక్కనాడే నాలుగు వేల పైచిలుకు పక్షులు కూలినవి. స్వాతంత్ర్యం వచ్చిన పిదప దానిని ఎండగట్టి సాగుభూమిగా మార్చవలెనని కోరినవారు ఉండగా, సలీం అలీ నెహ్రూ సహాయంతో దానిని నిలబెట్టారు. జాతీయ వనమైన తరువాత 1982లో అక్కడ పశువుల మేతను నిషేధించారు. సలీం అలీ ఆ నిషేధాన్ని సమర్థించారు. అల్లరులు చెలరేగి, పోలీసు కాల్పులలో గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయారు. తరువాత ఆయన సొసైటీ శాస్త్రజ్ఞులే చేసిన దీర్ఘ పరిశోధనలో గేదెలు మేయనందున గడ్డి పెరిగి నీటిని కమ్మివేసి, పక్షులకే కీడు కలిగినట్లు తేలింది. ఇంతటి నిశితదృష్టి గలవాడు పిట్టను చూచినంత దగ్గరగా గేదెను, దాని వెనుక నడిచే మనిషిని చూడలేదని మా అభిప్రాయం.

నేలపట్టులో మేము విన్నది దీనికి భిన్నం. గూళ్ళ క్రింద రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువు కనుక, ఊరివారు పక్షులను తరతరాలుగా తమవిగా కాపాడుకొంటున్నారు. ఆ మాట విన్నప్పుడు మా ముర్గీ చౌక్ విద్యార్థి పుస్తకం మూసి ఊరివారి మాటలనే రాసుకొన్నాడు.

సలీం అలీ చివరి దినాలలో తెలుగునాట ఒక అద్భుతం జరిగింది. పందొమ్మిదవ శతాబ్దంలో జెర్డన్ అనే మద్రాసు సైనిక వైద్యుడు గుర్తించిన కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించినదని భావించబడింది. 1986 జనవరిలో కడప జిల్లా ముళ్ళపొదలలో, సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అన్వేషణలో, స్థానిక వేటగాళ్ళ సాయంతో అది మరల లభించింది. పుస్తకాలకంటె ముందే ఆ పిట్టను ఎరిగినవారు అక్కడి పల్లె మనుషులు. మరుసటి ఏడు, 1987లో, తొంభయ్యవ ఏట సలీం అలీ బొంబాయిలో కన్నుమూశారు.

ఆ సాయంత్రం సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోయే దారిలో, ఇరువైపుల పులికాట్ నీరు తళతళలాడుచుండగా, దూరాన గులాబి చారవలె ఫ్లెమింగోలు కనబడినవి. ఉన్న ఒక్క దుర్భిణి చేతులు మారుతూ అందరి కన్నులకూ చేరింది. తిరిగివచ్చిన తరువాతి ఆదివారం నుండి నలుగురు విద్యార్థులు మీర్ ఆలం చెరువు గట్టున నోటు పుస్తకంతో కూర్చొని పక్షులను లెక్కిస్తున్నారు. తొలినాటి లెక్కలో రెండు కొంగల పేర్లు తప్పుగా రాసినారు; ఆ పుటను చింపవద్దని, ప్రక్కన దిద్దమని మేము చెప్పియున్నాము.