పని చూపిన హాప్‌కిన్స్

1933 నవంబరులో అమెరికాను చలికాలము సమీపించుచుండెను. ఆర్థికమాంద్యము మొదలై నాలుగేండ్లు గడచినవి. పనిచేయగలవారిలో ఇంచుమించు నలుగురికొకరు పనిలేక యుండిరి. పెద్ద నిర్మాణములకై రూజ్వెల్టు ప్రభుత్వము ఒక శాఖను నెలకొల్పినది గాని, దాని యధిపతి హెరాల్డ్ ఇకిస్ ప్రతి పథకమును, ప్రతి పద్దును పరీక్షించిన గాని సొమ్ము విడువడు. ఆనకట్టలకు ఆ జాగ్రత్త మంచిదే. ఆకలి మాత్రము అంతకాలము ఆగదు. ఈ సంగతి హ్యారీ హాప్‌కిన్స్ ఎఱిగినంతగా వాషింగ్టనులో మరియొకరు ఎఱుగరనవచ్చును.

ఆయన 1890లో అయోవా రాష్ట్రమునందలి సూ సిటీలో జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనుల వ్యాపారము చేసిన సామాన్యుడు. 1912లో గ్రినెల్ కళాశాలలో చదువు ముగించి, న్యూయార్కు నగరపు పేదల పేటలోని క్రిస్టొడోరా సేవాసదనమున చేరెను. 1915లో విలియం మాథ్యూస్‌తో కలిసి బ్రాంక్స్ ఉద్యానమున నిరుద్యోగులకు కూలిపని కల్పించెను. పదునెనిమిదేండ్ల పిమ్మట దేశమంతటను ఆయన చేసినది ఈ చిన్న ప్రయత్నమునకు పెద్దరూపమే.

1931లో రూజ్వెల్టు గవర్నరుగా నుండగా ఆయన రాష్ట్ర సహాయసంస్థలో నియమితుడయ్యెను. 1933 మే నెలలో రూజ్వెల్టు అధ్యక్షుని హోదాలో ఆయనను వాషింగ్టనుకు పిలిపించెను. పదవి స్వీకరించిన మొదటి రెండు గంటలలోనే హాప్‌కిన్స్ యాబది లక్షల డాలర్లకు పైగా రాష్ట్రములకు మంజూరు చేసెను. కాని ఆ సొమ్ము దానముగా చేరుచుండెను. దానము పొందవలెనన్న ఇంటి లేమిని అధికారికి చూపి ఋజువు చేయవలెను. నిన్నటిదాక జీతముతో బ్రతికినవానికి ఆకలికన్న ఆ విచారణయే కష్టము.

అందుచే ఆయన రూజ్వెల్టును ఒప్పించి, ఇకిస్ శాఖ నిధినుండి నలుబది కోట్ల డాలర్లు మళ్ళింపజేసి, నవంబరులో సివిల్ వర్క్స్ సంస్థను ప్రారంభించెను. పనివారిలో సగము మందిని సహాయపు జాబితాలనుండి తీసికొనిరి. తక్కిన సగమునకు పేదరికపు పరీక్ష లేదు, పనిలేకుండుటయే చాలును. జనవరి మధ్యనాటికి నలుబదిరెండు లక్షలమంది కూలి పుచ్చుకొనుచుండిరి! రోడ్లు బాగుపడినవి, బడులు మరమ్మతు పొందినవి, విమానాశ్రయములు వెలసినవి. పల్లెబడులలో వేలకొలది ఉపాధ్యాయులు జీతము చూచిరి. తొందరలో వ్యర్థమైన పనులును కొన్ని జరిగినవి. తెలుగునాట కరువుపని యనగా కంకరయు మట్టితట్టయు. హాప్‌కిన్స్‌కు ఫిడేలు వాయించు చేతికి పార ఇచ్చుట సమ్మతము గాదు.

ఖర్చునకును, ఈ యేర్పాటు శాశ్వతమగునేమో యనియు రూజ్వెల్టు జంకెను. 1934 మార్చి చివరకు సంస్థ మూతబడెను. తాను కట్టినదానిని హాప్‌కిన్స్ తన చేతులతోనే విప్పవలసివచ్చెను.

1935లో వర్క్స్ ప్రోగ్రెస్ సంస్థ రూపమున ఆ పని మరల ఆరంభమైనది. ఎనిమిదేండ్లలో ఎనుబదియైదు లక్షలమందికి అది కూలినిచ్చినది; ఆరున్నర లక్షల మైళ్ళ రోడ్లు వేయుటయో బాగుచేయుటయో జరిగినది. కెంటకీ కొండలలో స్త్రీలు గుఱ్ఱములపై పుస్తకములు మోసికొనిపోయిరి. ఒకనాడు బానిసలుగా నుండిన వృద్ధులు రెండువేలమందికి పైగా చెప్పిన అనుభవములను వ్రాతగాండ్రు లిఖించిరి. అయినను పనిలేనివారందరికిని అది ఎన్నడును అందలేదు. ఆయన తొలగింపగోరిన పేదరికపు పరీక్షయు తిరిగివచ్చెను. 1938 ఎన్నికలలో కూలివారిచేత పార్టీ పని చేయించిరను ఆరోపణ వచ్చినది. అది పూర్తిగా అబద్ధము గాదు. మరుసటియేట కాంగ్రెసు దానికి అడ్డుకట్టగా చట్టము చేసెను.

1937లో భార్య మరణించెను. ఆ యేడే క్యాన్సరు వ్యాధికై ఆయన జీర్ణకోశములో చాలభాగము తొలగించిరి. ఆ శరీరముతోనే వాణిజ్యమంత్రియై, 1941లో రూజ్వెల్టు దూతగా లండనుకును మాస్కోకును పోయెను. 1943లో యుద్ధపు కర్మాగారములు చేతులన్నిటిని లాగికొనగా ఆ సంస్థ ముగిసినది. 1944లో పదునెనిమిదేండ్ల కుమారుడు పసిఫిక్ యుద్ధమున మరణించెను. 1946 జనవరి 29న న్యూయార్కులో, తన యాబదియైదవ యేట, హాప్‌కిన్స్ కన్నుమూసెను. వందలకోట్ల డాలర్లు చేతిమీదుగా వ్యయమైన ఆయనకు చెప్పుకోదగిన ఆస్తి లేదు.