రుచికి లెక్క కట్టిన ఉక్కు బారన్

నల్లగొండ బత్తాయి, కొల్లాపూర్ మామిడి కొనే వ్యాపారిని ఎప్పుడైనా గమనించారా? కాయను చేత్తో పట్టుకుంటాడు, వాసన చూస్తాడు, ఓ ముక్క నోట్లో వేసుకుంటాడు, ధర చెప్పేస్తాడు. రుచి చూసి నాణ్యత చెప్పడం కూడా ఒక నైపుణ్యమే, ఉద్యోగమే. ఆ పనికి పద్ధతి నేర్పినవారిలో ఒకరు ఇటలీకి చెందిన బెత్తీనో రికాసోలి.

1809లో ఫ్లోరెన్స్‌లో పుట్టారు. పేరుకు బారన్ వంశం, నెత్తిన మాత్రం అప్పుల కుప్ప. ఇరవై ఏళ్లు నిండకముందే తల్లిదండ్రులు పోయారు. తమ్ముళ్ల బాధ్యత, ఎస్టేటు భారం ఆయనమీదే పడ్డాయి. ఆ వయసులో మీరైతే ఏం చేసేవారు? ఆయన నగరం వదిలి కియాంతి కొండల్లోని బ్రోలియో కోటకు మకాం మార్చారు. ద్రాక్ష తోటలనే నమ్ముకున్నారు.

అక్కడి ఎర్ర వైన్ ఘాటైనది. పులుపు ఎక్కువ. పచ్చి జామపిందె కొరికినట్టు నాలుకను పట్టేసే వగరు. దాన్ని ఎలా చక్కదిద్దాలి? 1851లో ఫ్రాన్స్ వెళ్లి అక్కడి తోటలు, తయారీ పద్ధతులు చూసొచ్చారు. ఏ ద్రాక్ష ఏమిస్తుందో దశాబ్దాలపాటు పరీక్షించారు. మధ్యలో రాజకీయాలు! 1861లో కవూర్ మరణించాక ఇటలీ రెండో ప్రధాని అయ్యారు. 1866లో మరోసారి ఆ పదవి చేపట్టారు. పట్టుదల చూసి జనం ఆయన్ను ఉక్కు బారన్ అన్నారు.

తాను తేల్చుకున్నదాన్ని 1872లో పీసా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ చేజరే స్తుదియాతికి లేఖగా రాశారు. సారం ఇదీ: సాంజియోవేసే సువాసన, బలం ఇస్తుంది. కనాయోలో ఆ కరుకుదనాన్ని తగ్గిస్తుంది. తెల్లద్రాక్ష మాల్వాసియా వైన్‌ను పలచన చేస్తుంది కాబట్టి వెంటనే తాగేదానికే పనికొస్తుంది, నిల్వ ఉంచేదానికి అక్కర్లేదు.

1880లో బ్రోలియోలోనే కన్నుమూశారు. అసలు కథ ఆ తర్వాతే. 1967 నాటి కియాంతి నిబంధనలు 10 నుంచి 30 శాతం తెల్లద్రాక్ష తప్పనిసరి చేశాయి. ఆయన పెట్టిన షరతు మాత్రం గాలికి పోయింది. వైన్ పలచబడి పేరు చెడింది. చివరకు 2006 పంట నుంచి కియాంతి క్లాసికోలో తెల్లద్రాక్షను నిషేధించారు. సగం చదివితే ఎంత నష్టమో చూశారుగా! నోటిఫికేషనైనా, ప్రశ్నపత్రమైనా చివరి వాక్యం దాకా చదవండి.

మీకు దారేది?

రుచి నిపుణులు తాగరు. రంగు చూస్తారు, వాసన పీలుస్తారు, పుక్కిలించి ఉమ్మేస్తారు, మార్కులు వేస్తారు. ఇదే పద్ధతి టీ, కాఫీ, నూనెలు, మసాలాలకూ వర్తిస్తుంది. సైన్స్ డిగ్రీ ఉంటే మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐలో ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీ, బెంగళూరు కాఫీ బోర్డులో కాఫీ నాణ్యతపై పీజీ డిప్లొమా ఉన్నాయి. అర్హతలు వాటి వెబ్‌సైట్లలో చూసుకోండి. సాధన మాత్రం ఈరోజే మొదలుపెట్టొచ్చు: రెండు బత్తాయిలు తీసుకోండి, తేడా ఏంటో రాసి చూడండి.