పట్టాలో పేరు: మొదటి సాలార్‌జంగు జీవితము

గ్రామమునకు పడిన శిస్తును ఊరంతయు ఉమ్మడిగా భరింపవలెనా, లేక ఎవరి భాగము వారే తమ తమ పేర చెల్లింపవలెనా అను ప్రశ్న మన దేశమున చాల పాతది. వ్యక్తి గొప్పయా, సంఘము గొప్పయా అని నేటి రాజకీయములలో పెద్ద పెద్ద పేర్లతో సాగుచున్న వాదమునకు పల్లెలలో మొదటి రూపము ఈ శిస్తు లెక్కయే. తెలంగాణమున ఈ ప్రశ్నకు ఒక సమాధానము నిర్ణయించి, దానిని దఫ్తరముల కెక్కించిన పురుషుడు నవాబు మీర్ తురాబ్ అలీ ఖాన్. లోకము ఆయనను మొదటి సాలార్‌జంగు అని పిలుచును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ఈనాడు ఏ రైతు చేతనున్న పట్టా పుస్తకమును తీసికొన్నను, దాని వంశక్రమమును వెనుకకు విచారించుచు పోయినచో ఆయన కాలమునకే చేరుదుము. అందుచేత ఆయన చరిత్ర రాజుల చరిత్ర మాత్రమే కాదు. కాపువాని చరిత్రయు నగును.

సాలార్‌జంగు 1829వ సంవత్సరము జనవరి 21వ తేదీన బిజాపూరులో జన్మించెను. ఆయన తాత మునీరుల్ముల్కు నిజాము రాజ్యమునకు దివానుగా నుండినవాడు. తండ్రి చిన్ననాడే గతింపగా, తండ్రి సోదరుడైన సిరాజుల్ముల్కు ఆయనను పెంచెను. ఇరువది యేండ్లు నిండకమునుపే ఆయనకు ఖమ్మము తాలూకాదారు ఉద్యోగము లభించెను. ఆ పదవిలో ఆయన కొలది మాసములే యుండెను గాని, ఆ మాసములు వ్యర్థము కాలేదు. నగరమున దేవిడీలో పెరిగిన నవాబు బిడ్డడు పంట కల్లములను, శిస్తు బాకీలను, పటేలు పట్వారీల లెక్కలను కన్నులార చూచినది ఈ తూర్పు తెలంగాణమునందే. కోదాడకు ఖమ్మము ఎంత దూరమో ఈ ప్రాంతము వారికి చెప్పనక్కరలేదు. ఆయన చూచిన పల్లెలు మన పల్లెల వంటివే.

1853 మే మాసమున సిరాజుల్ముల్కు మరణింపగా, ఇరువది నాలుగేండ్ల యువకుడైన సాలార్‌జంగు దివాను పదవికి వచ్చెను. ఆ పదవిలో సుఖము లేదు. ఆ నెలలోనే బేరారు మండలము సైన్యపు బాకీ క్రింద కుంపిణీవారి వశమయ్యెను. ఖజానా ఒట్టిదై యుండెను. ప్రభుత్వమునకు అప్పిచ్చిన సాహుకార్లును, జీతములు రాని అరబ్బు, రోహిల్లా జమేదారులును తాలూకాలకు తాలూకాలే తాకట్టుగా పట్టుకొని తమ రాబడి తామే వసూలు చేసికొనుచుండిరి. తక్కిన తాలూకాలు గుత్తకు పోవుచుండెను. దర్బారునందు ఎక్కువ సొమ్మునకు ఒప్పుకొన్నవాడు తాలూకాదారగును; వాడు ఊళ్లను క్రింది గుత్తదారులకు అప్పగించును; వాని తరువాత దేశముఖు, దేశపాండ్యా, పటేలు, పట్వారీ. ఇన్ని మెట్లు దిగి వచ్చిన భారము చివరకు నాగలి మేడి పట్టినవాని భుజముపై పడుచుండెను.

ఈ పద్ధతిలో సర్కారుకు తెలిసినది ఊరు మాత్రమే, రైతు తెలియడు. ఊరు మొత్తమునకు ఇంత అని తీర్మానమగును. దానిని ఇంటింటికి పంచునది ఊరి పెద్దలు. కరవు వచ్చి ఒక కాపు పొలము విడిచి రాత్రికి రాత్రి పారిపోయినచో, వాని భాగము ఇరుగు పొరుగు వారి నెత్తిన పడును. బటాయి ఉన్నచోట ధాన్యము కల్లములోనే ఆగిపోవును. సర్కారు మనిషి వచ్చి రాశి కొలుచువరకు, వాన వచ్చినను ఎలుక తిన్నను, రైతు గింజ ముట్టరాదు. ఉమ్మడితనములో ఒక మంచి కూడ కలదు. ఊరి చెరువుకట్ట తెగినప్పుడు అందరును కదలివచ్చిరి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి మొదలగువారికి కల్లములో మేర కొలిచి యిచ్చిరి. కాని ఉమ్మడి భారము పంచునప్పుడు బలవంతునికి తేలికయు, బలహీనునికి బరువును అగుట ఊరూర చూచిన సంగతియే. సంఘము పేర వ్యక్తి నలిగిపోవుట యనగా ఇదియే.

సాలార్‌జంగు ఈ మెట్లను ఒక్కటొక్కటిగా తీసివేయ నారంభించెను. మొదట అప్పులవారి వద్ద చిక్కిన తాలూకాలను బాకీలు తీర్చి విడిపించెను. గుత్త తాలూకాదారుల స్థానమున జీతము తీసికొను ఉద్యోగులను నియమించెను. 1864లో మాల్గుజారీ మజ్లిసు అను పేర ఒక రెవిన్యూ సభను ఏర్పరచెను. 1865లో జిల్లాబందీ జరిగెను. రెండేండ్లలో రాజ్యము అయిదు భాగములుగను, పదునేడు జిల్లాలుగను రూపొందెను. జిల్లాకు అవ్వల్ తాలూకాదారు, ఆయన క్రింద దోయం, సోయం తాలూకాదారులు, తాలూకాకు తహశీలుదారు అను ఏర్పాటు అప్పటిదే. ధాన్యరూపమైన బటాయి తొలగి నగదు శిస్తు వచ్చెను. భూమిని కొలిచి, తరి ఖుష్కీ భేదమును నేల గుణమును నిర్ణయించి, ఎవరి భూమికి ఎంత శిస్తో వారి పేర వ్రాయుటకై 1875 ప్రాంతమున సర్వే మొదలయ్యెను. ఈ పని మొదట మరాఠీ జిల్లాలలో సాగెను; తెలంగాణమున పూర్తియగుసరికి ఆయన లేడు.

కృష్ణకు ఆవలనున్న గుంటూరు సీమ అప్పటికే మదరాసు ప్రభుత్వము క్రింద రైత్వారీ పద్ధతికి వచ్చి యుండెను. వంగదేశమున 1793లో కార్న్‌వాలిసు చేసిన శాశ్వత పరిష్కారములో జమీందారు ఒక్కడే సర్కారునకు కనబడెను; రైతు మరుగుపడెను. సాలార్‌జంగు తన రాజ్యపు ఖల్సా భూములకు జమీందారీని కోరలేదు. రైతుకును ప్రభుత్వమునకును నేరుగా సంబంధము కలిగించు మార్గమునే ఎంచుకొనెను. దీని ఫలము చిన్నది కాదు. కాపు తన శిస్తు తాను కట్టినచో పొరుగువాని బాకీకి వానిని పట్టుటకు వీలులేదు. తాను బాగు చేసికొన్న చెలక తనదే. తన పేర రసీదు వచ్చును. పేరులేని గుంపులోనుండి ఒక మనిషి ఈ విధముగా సర్కారు కాగితముపైకి వచ్చి నిలువబడెను.

ఈ మార్పులు శత్రువులను కూడ సంపాదించిపెట్టెను. గుత్తలు పోయిన వారు, జీతము లేకయే అధికారము చెలాయించిన వారు దివానును ద్వేషించిరి. 1859లోను, 1868లోను ఆయనపై హత్యాప్రయత్నములు జరుగగా రెంటను ఆయన బ్రదికి బయటపడెను. 1857లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వమున ప్రజలు హైదరాబాదు రెసిడెన్సీపై దాడి చేసినప్పుడు ఆయన ఆంగ్లేయుల పక్షమున నిలిచెను. స్వాతంత్ర్య చరిత్ర చదువుకొన్నవారు ఆ పనిని మెచ్చుకొనజాలరు. రాజ్యమును నిలుపుకొనుటకు వేరు దారి లేదని ఆయనను సమర్థించువారును కలరు. అంత చేసినను బేరారును తిరిగి సంపాదింపవలెనని ఆయన జీవితాంతము చేసిన యత్నము ఫలింపలేదు. 1869లో అఫ్జలుద్దౌలా గతింపగా, మూడేండ్లయినను నిండని మహబూబ్ అలీ ఖానునకు ఆయన రాజప్రతినిధులలో ఒకడై పాలన సాగించెను. 1876లో ఐరోపాకు వెళ్లెను. నేడు హైదరాబాదు మ్యూజియములో జనులు గుంపులుగా నిలిచి చూచు మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మను ఆ ప్రయాణములోనే రోములో కొనెను. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి, ఏబదినాలుగేండ్ల వయస్సున ఆయన కన్నుమూసెను. అప్పటికి ముప్పది యేండ్లుగా దివానుగిరీ చేయుచుండెను.

ఆయన పనిలోని లోపమును కూడ చెప్పవలెను. ఆయన సంస్కారము దివానీ భూములకే చెందినది. రాజ్యములో సుమారు పదింట నాలుగు వంతులు జాగీర్లుగను, నిజాము సొంతమైన సర్ఫెఖాసుగను వేరుగా నుండెను. ఆయనయు గొప్ప జాగీర్దారే. రెండవది, వసూలు పని పోయిన దేశముఖులకు, దేశపాండ్యాలకు నష్టపరిహారముగా రసూములు ఏర్పరచెను. వారి అధికారము కాగితముపై పోయెను గాని, ఊరిలో పలుకుబడి పోలేదు. పాత లెక్కలు వారి యింటనే యుండెను. ఏ పొలము ఎవరిదో చెప్పు నోరు వారిదే. సర్వే వచ్చినప్పుడు మేలైన భూములనేకము దున్నినవాని పేర గాక వారి పేరనే ఎక్కెను. దున్నినవాడు కౌలుదారు, లేదా పాలేరు అయ్యెను. సూర్యాపేట వైపు దేశముఖు కుటుంబములకు వేల ఎకరములుండెను. లక్ష ఎకరముల మాట కూడ చరిత్రకారులు వ్రాసిరి. నగదు శిస్తు వలన మరియొక చిక్కు కలిగెను. ధర పడిపోయినను శిస్తు తగ్గదు. సొమ్ము కొరకు రైతు సాహుకారు గడప ఎక్కక తప్పదు. 1929 తరువాతి ఆర్థికమాంద్యములో ధరలు కూలినప్పుడు ఎన్నో పట్టాలు ఆ విధముగా చేతులు మారెను.

వ్యక్తికి హక్కు ఇచ్చితిమనుకొన్న పద్ధతిలో బలవంతుడైన వ్యక్తి మాత్రమే మిగిలెను. దీనికి ప్రతిగా సంఘము మరల లేచినది కూడ ఈ నేలమీదనే. 1941లో హుజూర్‌నగరు తాలూకా చిలుకూరులో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ సమావేశమయ్యెను. వెట్టిని, అక్రమ వసూళ్లను ఎదిరించుటకు ఊరూర సంఘములు వెలసెను. యుద్ధకాలపు ధాన్యపు లెవీ కోపమును మరింత పెంచెను. పెద్ద భూస్వాములు తప్పించుకొనగా చిన్న రైతుల గాదెలు ఖాళీ యయ్యెను. 1946 నుండి 1951 వరకు నడచిన సాయుధ పోరాటములో గ్రామకమిటీలు భూములు పంచెను. ఆ పోరాటములో ఇరువైపుల పోయిన ప్రాణములు, పడిన కష్టములు పెద్దలు చెప్పగా వినని యిల్లు ఈ ప్రాంతమున అరుదు. 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1950లో కౌలుదారుల చట్టము, 1973లో భూపరిమితి చట్టము వచ్చెను. ఊరి పొలములన్నియు ఉమ్మడి సేద్యము క్రిందికి తెత్తమని 1959లో కాంగ్రెసు నాగపూరులో చేసిన తీర్మానము మాత్రము పల్లెలలో వేరూనలేదు. వెట్టిని ఎదిరించుటకు కలిసిన రైతే, తన గట్టును చెరిపివేయుటకు ఒప్పుకొనలేదు. సంఘము కావలెను, పట్టాయు కావలెను. రైతు మనసు ఎల్లప్పుడును ఈ రెంటిని కోరినది.

నీటి విషయములో ఈ మాట మరింత స్పష్టమగును. చెరువునకు పట్టా లేదు. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో కాకతీయుల కాలమున రేచర్ల ప్రభువులు గుడులు కట్టిరి. ఆ కాలపు దొరలకు గుడితోపాటు చెరువును ధర్మమే. కట్టించినది ప్రభువైనను, కట్టను యేటేట నిలుపుకొన్నది ఊరు. 1967లో నీరు వదలిన నాగార్జునసాగరపు ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ పొలములను మాగాణి చేసెను. కాలువ అందరిది, మడి ఒక్కనిది. ఎగువవాడు తూము ఎక్కువసేపు తెరచియుంచినచో దిగువవాని పట్టా వట్టి కాగితమే. అందుచేతనే 1997 చట్టము ద్వారా నీటివినియోగదారుల సంఘములు ఏర్పడెను.

2018లో తెలంగాణ ప్రభుత్వము రైతుబంధు పేర పంటకు ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున ఇయ్యనారంభించెను. ఒకనాడు రైతునుండి సర్కారునకు పోయిన సొమ్ము ఇప్పుడు సర్కారునుండి రైతుకు వచ్చెను. అయినను దారి మారలేదు. అది పట్టాలోని పేరు వెంటనే నడచెను. దున్నుచున్న కౌలుదారునకు అందులో భాగము లేకపోయెను. 2020లో లెక్కలన్నియు ధరణి యంత్రములోనికి ఎక్కినప్పుడును, 2025లో భూభారతి దాని స్థానమునకు వచ్చినప్పుడును పల్లెవాసులు అడిగిన ప్రశ్న ఒక్కటే: నా పేరు సరిగా ఉన్నదా? సాలార్‌జంగు పుట్టించిన ప్రశ్న అది.

ఆయన జీవితమును తూచినచో తేలునది ఇంతే. శిస్తు ఒక్కొక్కని పేర నుండుట న్యాయము. గుంపు భారము క్రింద బీదవాడు నలుగకుండుటకు అంతకు మించిన కవచము లేదు. కాని ఆ పేరు వ్రాయు దఫ్తరమును పదిమంది కన్ను కనిపెట్టి యుండవలెను. సాలార్‌జంగు మొదటి పని చేసెను. రెండవ పనిని దేశముఖుల దయకు విడిచిపెట్టెను. లెక్క చదువగలవాడు ఊరిలో ఇద్దరో ముగ్గురో యున్నంతకాలము పట్టా ఆ యిద్దరు ముగ్గురిదే. పహాణీలో తన పేరును, సర్వే నంబరును, విస్తీర్ణమును తానే చదువుకొని, తప్పు కనబడినప్పుడు పొరుగువారితో కూడి అడుగగల రైతు ఉన్న ఊరిలో మాత్రమే ఆ దివాను తలపెట్టిన పని పూర్తియగును. ఇంటిపన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసలుగా మనము చెల్లించు గ్రంథాలయ పన్ను ఆ చదువు కొరకే. ఒక్కొక్క యింటినుండి వేరువేరుగా వచ్చిన ఆ పైసలతో కొన్న పుస్తకము ఏ యొక్కని సొత్తును కాదు.